దొడ్డిదారిన వచ్చిన స్విచ్: నింటెండో అధ్యక్షుడికి బహిరంగ లేఖ

క్యోటోలోని నింటెండో కంపెనీ అధ్యక్షులు షుంతారో ఫురుకావా గారికి,

హైదరాబాద్ నగరం పడమటి అంచున నల్లగండ్ల అని ఒక చోటుంది. ఒకప్పుడు ఊరు, చెరువు, పొలాలు, బండరాళ్లు. ఇప్పుడు చెరువు మిగిలింది, బండలు అక్కడక్కడా కనిపిస్తాయి, తక్కినదంతా అపార్టుమెంట్లు. వాటిలో ఉండేవాళ్లలో చాలామంది పొద్దున్నే హైటెక్ సిటీకో గచ్చిబౌలికో నానక్‌రామ్‌గూడకో బయల్దేరి, చీకటిపడ్డాక ఫ్లైఓవర్ దిగి ఇల్లు చేరే సాఫ్ట్‌వేర్ వాళ్లు. నేనూ వాళ్లలో ఒకణ్ని. టెస్టింగ్ నా కొలువు. అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులు పట్టినందుకు నాకు జీతమిస్తారు. మీ స్విచ్ 2 గేమ్ యంత్రం ఈమధ్యే మా ఇంటికొచ్చింది. మోజు ఇంకా తీరలేదు. తీరాక రాస్తే ఇంకాస్త నిర్మొహమాటంగా రాయగలనేమో. కానీ కొత్తలో కంటికి ఆనేవన్నీ అప్పటికి అలవాటైపోతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు అది ఎలా వచ్చిందో చెప్పాలి. నా ఫిర్యాదుకు మొదలు అక్కడుంది. 2025 జూన్ 5న మీరు దీన్ని జపాన్, అమెరికా, ఐరోపా తదితర చోట్ల విడుదల చేశారు. నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా అమ్మామని మీరే ప్రకటించారు. అందులో ఇండియా కోసం పెట్టింది ఒక్కటీ లేదు. ఇక్కడ మీరు అమ్మరు. అయినా నగరంలో దొరుకుతుంది. సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లి అడిగితే వెనక అల్మారాలోంచి తీసి చూపించాడు. డబ్బా నిండా జపాన్ అక్షరాలు. ధర అడిగితే ఒకటి చెప్పాడు, ఫోను మాట్లాడి వచ్చి ఇంకొకటి చెప్పాడు. వారంటీ సంగతేమిటంటే ‘మేమున్నాం కదన్నా’ అన్నాడు. ఆ మాట మీద అంత డబ్బు పెట్టే ధైర్యం చాలక బయటికొచ్చాను.

ఆ డబ్బా జపాన్ భాష ఒక్కటే వచ్చే రకమట. విడుదలప్పుడు మీ దేశంలో దాని ధర 49,980 యెన్లు, అన్ని భాషలూ వచ్చేదాని ధర 69,980. లోపల యంత్రం ఒకటే. తేడా 20,000 యెన్లు భాషలకే. యెన్ విలువ పడిపోయిన రోజుల్లో మీ జనానికి అందుబాటులో ఉండాలనీ, బయటి వ్యాపారులు మూటగట్టుకుపోకూడదనీ అలా చేసి ఉంటారు. మీ బాధ అర్థమవుతుంది. కానీ మీరు తాళం వేసిన ఆ యంత్రమే సముద్రాలు దాటి సికింద్రాబాద్ అల్మారాలో కూర్చుంది. జపాన్ ఖాతా తప్ప మరే ఖాతా కుదరని దాన్ని కొని ఏ ఇంటి పిల్లలు ఏం చేసుకుంటారో తెలియదు.

చివరికి మాది వచ్చింది డాలస్ నుంచి. అక్కడుండే మా చిన్నమ్మ కొడుకు డిసెంబరు సెలవులకు వస్తూ, 449.99 డాలర్లు, పైన అక్కడి పన్ను పెట్టి కొని, సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చాడు. తిరుగు ప్రయాణంలో అదే సూట్‌కేసులో ఆవకాయ, సకినాలు, కరివేపాకు పొడి వెళ్లాయి. తెలుగువాళ్ల అంతర్జాతీయ వాణిజ్యం ఇప్పటికీ చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఇక యంత్రం. చేతిలోకి తీసుకోగానే ముందు తెలిసేది బరువు. రెండు పక్కలా జాయ్-కాన్ కంట్రోలర్లు తగిలిస్తే 534 గ్రాములు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఆడితే ఏదో ఒక క్షణాన ముఖం మీద పడుతుంది, పడింది కూడా. తెర 7.9 అంగుళాలు, మందం 13.9 మిల్లీమీటర్లు. బొమ్మ తేటగా ఉంటుంది, కదలిక ఎక్కడా తడబడదు. కాకపోతే మా బాల్కనీ వెలుతురులో ఆటకంటే నా ముఖమే ఎక్కువ కనిపిస్తుంది. పాత స్విచ్‌లో గాడిలోకి జార్చి పెట్టాల్సిన జాయ్-కాన్లు ఇందులో అయస్కాంతంతో టక్కున అతుక్కుంటాయి. ఆ చప్పుడు కోసం మా అమ్మాయి ఆడకపోయినా వాటిని తీసి పెడుతూ ఉంటుంది. బ్యాటరీ రెండు గంటల నుంచి ఆరున్నర గంటల దాకా వస్తుందని మీరు రాశారు. మారియో కార్ట్ వరల్డ్ అనే బండ్ల పందేల ఆట ఆడితే మొదటి అంకె వైపే మొగ్గుతుంది. మరో మాట: 5 నుంచి 35 డిగ్రీల మధ్య వేడిలోనే వాడమన్నారు. 2025 ఆగస్టులో మీ దగ్గర ఎండలు ముదిరినప్పుడు ఆ మాట మళ్లీ గుర్తుచేశారు కూడా. మాకు మే నెలలో 40 డిగ్రీలు మామూలు. మీరు చెప్పినట్టు నడుచుకుంటే ఎండాకాలం సెలవుల్లో, అంటే సరిగ్గా పిల్లలు ఇంటిపట్టున ఉండే రోజుల్లో, ఏసీ గది దాటించకూడదు.

ఆఫీసుకు పోతూ ఆడదామని లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కితే చందానగర్, హఫీజ్‌పేట్, ఆ తర్వాత హైటెక్ సిటీ. సీటు దొరికితే ఒకటి రెండు పందేలు అవుతాయి. దొరక్కపోతే ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నవాడికి రెండు చేతుల యంత్రం ఎందుకూ పనికిరాదు. మీ కంపెనీలో పనిచేసిన గున్‌పే యోకోయ్ గారు షింకాన్‌సెన్ రైల్లో ఒక ఉద్యోగి తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూశారనీ, గేమ్ అండ్ వాచ్ ఆలోచన అలా పుట్టిందనీ చదివాను. 1980లో అది వచ్చింది, 1989లో గేమ్ బాయ్ వచ్చింది. అంటే మీ చేతి యంత్రాల వంశానికి మూలపురుషుడు ఆఫీసుకు పోయొచ్చే ఒక రైలు ప్రయాణికుడు. ఆ లెక్కన ఈ లైన్లో తిరిగే మేమంతా మీకు దగ్గరి చుట్టాలమే అవుతాం.

చుట్టరికం పాతదే. మా తరానికి వీడియో గేమంటే కోఠిలో కొన్న టీవీ గేమ్, దానిలో దూర్చే పసుపు రంగు క్యాసెట్. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి లోపలికి ఊదడం, మళ్లీ పెట్టడం. మారియోని మేం చూసింది అందులోనే. అవి మీ పాత యంత్రం ఫామికామ్‌కు నకళ్లు, క్యాసెట్లు దొంగవి. అప్పుడూ మీరు మాకు దొడ్డిదారినే పరిచయమయ్యారు.

ఆ క్యాసెట్ ఇప్పుడు బొటనవేలి గోరంత అయింది. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా దానికి డినాటోనియం బెంజోయేట్ అనే చేదు పూస్తారట. టెస్టింగ్ వాడు ఆ మాట చదివి ఊరుకోగలడా? నాలిక కొసకు తాకించి చూశాను. కాకరకాయ పులుసు తిని పెరిగిన నాలిక నాది, అయినా ఆ సాయంత్రం తాగిన టీ కూడా చేదుగానే ఉంది. మా అమ్మకు చెబితే, ‘పోరగాండ్ల మీద గంత ఫికరు వెట్టిండ్రా? మంచోళ్లే’ అంది. మీ కంపెనీ గురించి మా ఇంట్లో వచ్చిన మొదటి మంచి మాట అది. అంతకుముందు ధర విని అన్న మాటలు మీకు రాయను.

అమ్మ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఆమెది సిద్దిపేట పక్క ఊరు. క్లబ్‌హౌస్ గేమ్స్ అని 2020లో మీరు తెచ్చిన సంపుటి ఉంది కదా, యాభై ఒక్క ఆటలది. చదరంగం, లూడో, క్యారమ్స్, మీ షోగి, మీ హనఫుదా, అన్నీ ఉన్నాయి. పాత స్విచ్ కోసం చేసినదైనా దీనిలో చక్కగా ఆడుతుంది. మా అమ్మాయి అందులో ఏవో తిప్పుతుంటే తెర మీద మంకాలా వచ్చింది. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని ‘ఇగో, ఓనగుంటలు!’ అంది. కోస్తా వాళ్లు వామనగుంటలంటారు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు, చింతగింజలు. ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. మీ దాంట్లో వరుసకు ఆరే గుంటలు, గుంటకు నాలుగు గింజలు, రెండు కొసల్లో చెరొక పెద్ద గుంట. ‘మన లెక్క కాదు’ అని పెదవి విరిచింది గానీ లేవలేదు. బటన్లు ఆమెకు చేతకావు. అదృష్టం, తెర మీద వేలు పెట్టి ఆడవచ్చు. ముందు ఓడింది. ఆ పెద్ద గుంటల మర్మం పట్టుకున్నాక గెలవడం మొదలుపెట్టింది. యంత్రం స్థాయి పెంచితే మళ్లీ ఓడి, ‘గిది తొండి ఆడ్తాంది’ అని తీర్పు చెప్పింది. కుందేలును వేటకుక్కలు చుట్టుముట్టే ఆట చూసి పులిజూదం గుర్తుచేసుకుంది. బండ మీద బొగ్గుతో గీతలు గీసి ఆడేవాళ్లమని మనవరాలికి చెప్పింది. మా అమ్మాయి ఆ మాటలు వినడం నేను చూడటం అదే మొదలు.

ఇంతా చేసి, అమ్మ ఒంటరిగా ఆడలేదు. ఆట రాక కాదు. నియమాలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి, గుంటల్లో గింజలు వేయడానికి నేను ఆఫీసు నుంచి ఎప్పుడొస్తానా అని ఎదురుచూడాలి.

మీ కంపెనీ 1889లో హనఫుదా పేకముక్కలతో మొదలైందనీ, నేటికీ వాటిని తయారుచేస్తుందనీ మాటల్లో అనేశాను. అమ్మ ముఖం మారిపోయింది. ‘అంటే పత్తాలాటోళ్లా ఈళ్లు?’

ఆమె భయం వట్టిది కాదు. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు గేమ్ అనే మాట వినగానే ఆన్‌లైన్ రమ్మీ, దాని కోసం చేసిన అప్పులు గుర్తుకొస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇక ఫోన్లో ఉచితం పేరుతో మొదలయ్యే ఆటలున్నాయి. లోపలికి వెళ్లాక ఈ వజ్రాలు కొను, ఆ పెట్టె తెరువు అని గోకుతూనే ఉంటాయి. వీటి పక్కన పెట్టి చూస్తే మీ యంత్రంలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. డబ్బు ముందే అడుగుతుంది. మారియో కార్ట్ వరల్డ్ 79.99 డాలర్లు. ఒక ఆటకు అది చాలా ఎక్కువ, మొహమాటం లేకుండా చెబుతున్నాను. కానీ కట్టాక అర్ధరాత్రి లేపి మరో వంద అడగదు. (తోటివారితో ఆన్‌లైన్‌లో ఆడటానికి చందా కట్టించుకుంటారు, ఆ సంగతి మరిచిపోలేదు.) పిల్లల ఆటకు గడువు పెట్టే యాప్ ఇచ్చారు. టైమైపోయిందని నేనంటే మా అమ్మాయి వినదు, యంత్రమంటే వింటుంది.

మీ ప్రకటనల్లో ఎక్కడా రాయని సౌకర్యం ఇంకొకటి కూడా చెప్పాలి. దీనిలో వాట్సాప్ లేదు, టీమ్స్ లేదు. ఫోన్లో ఆడుతుంటే మేనేజరు మెసేజ్ తెర పైనుంచి తొంగిచూస్తుంది. ఈ ఐటీ కారిడార్లో బతికేవాడికి ఎవరూ పిలవలేని తెర ఎంత విలువైందో మీకు చెప్పాలంటే మీరు ఒక రిలీజ్ వారం మాతో గడపాలి.

భాష దగ్గరికి వస్తాను. పెట్టగానే ఏ భాష కావాలని అడుగుతుంది. జపనీస్, ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, డచ్చి, రష్యన్, కొరియన్, చైనీస్. భారతీయ భాష ఒక్కటీ లేదు. డచ్చి మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు రెండున్నర కోట్లు. 2011 జనగణనలో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. డచ్చి వాళ్ల మీద నాకు కోపం లేదు, అంకెలు చెబుతున్నానంతే. ఆ తర్వాత పేరు పెట్టుకోమంటుంది, పది అక్షరాలకు మించకూడదు. తెలుగు కీబోర్డు లేదు గనుక ఇంగ్లిషులోనే కొట్టాలి. మా జనం పేర్లు మీకు తెలియవు. పది ఇంగ్లిషు అక్షరాల్లో వెంకటేశ్వరరావు గారు ‘వెంకటేశ్వ’ దగ్గర ఆగిపోతారు.

మీరు యువకుడిగా ఏళ్ల తరబడి జర్మనీలో, మీ ఐరోపా శాఖలో పనిచేశారట. పరాయి దేశంలో పిల్లలు మీ ఆటలను తమ భాషలో ఆడటం కళ్లారా చూసే ఉంటారు. మాకు కావలసింది అంతకంటే పెద్దదేమీ కాదు.

మీ యంత్రం మీద మా వైపు కథలు లేవని అనను. పుణేకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన రాజీ అనే ఆట 2020 ఆగస్టులో ముందుగా వచ్చింది మీ స్విచ్ మీదే. 2023లో టొరంటోలోని విసై గేమ్స్ వెన్బా అనే చిన్న ఆట తెచ్చింది. 1980లలో కెనడాకు వలసపోయిన తమిళ దంపతులు, తల్లి ఇచ్చిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన వరుసలు, ఇడ్లీ ఎలా వండాలన్న చిక్కుముడి. ఆట చిన్నదే, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అయినా డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న మా బంధువుల ఇళ్లన్నీ అందులో కనిపించాయి. తెలుగులో అలాంటిది ఎందుకు లేదని అడగాల్సింది మిమ్మల్ని కాదు, మమ్మల్ని మేమే అడగాలి. చేయగల చేతులు లేక కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో హైదరాబాద్‌లో ఉంది. మీ పోటీదారు ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఓగర్ హెడ్ అనే ఇక్కడి చిన్న స్టూడియో 2017లో కంప్యూటర్ల కోసం అసుర అనే ఆట తెచ్చింది. ఛోటా భీమ్ పుట్టింది కూడా ఈ నగరంలోనే.

మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్న వేరు. ఆటలు అమ్మే మీ ఆన్‌లైన్ దుకాణం, ఈ-షాప్, ఇండియాకు లేదు. అందుకని ఇక్కడివాళ్లు మరో దేశం పేరిట ఖాతా తెరిచి, కోడ్లు కొని, వాటితో ఆటలు కొంటారు. నా ఖాతా అమెరికా పేరిట ఉంది. అంటే మీ పుస్తకాల్లో నేను అమెరికా వాణ్ని. యంత్రం డాలస్‌లో అమ్ముడైనట్టు లెక్క, ఆటలు డాలర్లలో అమ్ముడైనట్టు లెక్క. సికింద్రాబాద్ అల్మారాలోని డబ్బా జపాన్ గిరాకీలో చేరింది. దుబాయి నుంచి, సింగపూర్ నుంచి వచ్చేవి ఆయా దేశాల పద్దుల్లో పడతాయి. రేపు మీ వాళ్లు ఇండియా అమ్మకాల కాగితం తెచ్చి, అక్కడ గిరాకీ లేదు సార్ అని చెబితే, ఆ కాగితం నిజమే చెబుతుంది. ఎందుకంటే కొన్నవాళ్లలో ఎవరమూ దాని మీద ఉండం. టెస్టింగ్‌లో మొదట నేర్పే పాఠమొకటుంది ఫురుకావా గారూ: తప్పు కనబడలేదంటే ముందు కొలిచే చోటు సరైనదో కాదో చూడు.

ఒకప్పుడు మీ డీఎస్, వీ యంత్రాలు పంపిణీదారు ద్వారా ఈ దేశంలో అధికారికంగానే దొరికాయి. తర్వాత మీరు వెళ్లిపోయారు. సోనీ ప్లేస్టేషన్‌ను ఇక్కడ ఏళ్లుగా అమ్ముతూనే ఉంది. ఆసుస్ తన చేతి యంత్రం ఆర్ఓజీ ఆలీని 2023 జూలైలో 69,990 రూపాయలకు ఇక్కడే విడుదల చేసింది, మీ యంత్రం ధర కంటే బాగా ఎక్కువకు. పన్ను అడ్డమంటారా? వీడియో గేమ్ కన్సోళ్ల మీద జీఎస్టీని 2018 డిసెంబరులోనే 28 శాతం నుంచి 18 శాతానికి దించారు. సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ దాకా వచ్చిన మీకు హైదరాబాద్ అంత దూరమేమీ కాదు.

పాత స్విచ్ జాయ్-కాన్ స్టిక్ ముట్టకుండానే పక్కకు జరిగే జబ్బు గురించి 2020లో వాటాదారుల ముందు మీరే క్షమాపణ చెప్పారు. మా దానికి ఇప్పటిదాకా ఏ జబ్బూ లేదు. రేపు ఏదైనా వస్తే మాత్రం వెళ్లడానికి ఈ దేశంలో మీ గుమ్మం ఒక్కటీ లేదు. డాలస్ వెళ్లే బంధువెవరో వెతికి, ఆవకాయతో పాటు దాన్నీ సర్ది పంపాలి.

కాబట్టి అడుగుతున్నాను. రూపాయల్లో కొనుక్కునే ఈ-షాప్ తెరవండి. దేశంలో ఒక్కటంటే ఒక్క మరమ్మతు కేంద్రం పెట్టండి, అది హైదరాబాద్‌లోనే ఉండాలని పట్టుబట్టను. మెనూలు తెలుగులోకి రావడానికి టైము పడుతుందంటే ఆగుతాం, కానీ తెలుగు కీబోర్డు తేవడానికి అంత పని ఉండదని ఈ రంగంలో పనిచేసేవాడిగా చెప్పగలను. దాన్ని వచ్చే అప్‌డేట్‌లో ఇవ్వండి.

ఈ లేఖ చదువుతున్న తెలుగువారికి ఒక మాట. మీ ఇంట్లోనూ ఏ మేనమామ సూట్‌కేసులోనో వచ్చిన స్విచ్ ఉంటే, మీరూ ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనే. చివర మీ ఊరి పేరు రాయడం మాత్రం మరవకండి.

ఇట్లు,
ఒక టెస్టింగ్ ఇంజినీరు,
నల్లగండ్ల, హైదరాబాద్